ఓల్కెర్‌జీల్ తూములో మూడు పలకలు

మన డెల్టాలో పుట్టినవాడికి ఎవరూ నేర్పకుండానే తెలిసే సంగతి ఒకటుంది. ఊళ్లోకి వచ్చే నీళ్లు పంట కాలువలో వస్తాయి, ఊళ్లోంచి పోయే నీళ్లు మురుగు కాలువలో పోతాయి. మొదటిదాన్ని చూస్తే దిగి కాళ్లు కడుక్కోవాలనిపిస్తుంది, రెండోదాన్ని చూస్తే ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. ఈ తేడా తెలియని మనిషి నాకు ఇన్నేళ్ల విలేకరి ఉద్యోగంలో తగల్లేదు. అది తెలిసినందుకే ఒక మనిషి చిక్కులో పడడం మాత్రం పోయిన నవంబరులో జర్మనీలో చూశాను.

ఆ మనిషి పేరు ప్రకాశరావు గారు. మండపేట ఆయనది. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. కాలువ చివరి పొలానికి నీళ్లు అందకపోతే రైతు ఇంజినీరు గారిని తిట్టడు, దొరకరు కాబట్టి. దొరికేది వర్క్ ఇన్‌స్పెక్టరు. శివారు రైతుల తిట్లతోనే తన సర్వీసు గడిచిందని, ఇప్పటికీ కలలో ఎవరో ఒకరు గట్టు మీద నిలబడి "నీళ్లేవండీ?" అని అడుగుతుంటారని ఆయన చెబుతుంటారు.

వాళ్ల లూథరన్ సంఘానికీ, జర్మనీలో ఉత్తర సముద్రం ఒడ్డునున్న ఓల్కెర్‌జీల్ అనే పల్లెటూరి చర్చికీ తాతల నాటి స్నేహం. ఆ ఊరి నుంచి వచ్చిన పాదిరి గారొకరు ఇక్కడ బడి పెట్టారు. అందుకని కొన్నేళ్లకోసారి వాళ్లు మన వైపు నుంచి ఇద్దరిని పిలుస్తారు. ఈసారి ప్రకాశరావు గారితో వెళ్లాల్సిన కార్యదర్శి గారికి కంటి ఆపరేషన్ పడింది. నేను ఆ సంఘం వాణ్ణి కాను, ఆ మాటకొస్తే ఏ సంఘం వాణ్ణీ కాను. కాకపోతే సంఘం సావనీరు రాసిపెడతానని మాటిచ్చి ఉన్నాను, పాస్‌పోర్టు కూడా ఉంది. ఈ రెండు అర్హతలతో నన్ను విమానం ఎక్కించారు.

కుక్క టికెట్టు

హాంబర్గ్ స్టేషన్లో కప్పు కాఫీ నాలుగు యూరోలు. ప్రకాశరావు గారు పెదవులు కదుపుతూ రూపాయల్లోకి మార్చుకున్నారు.

"ఈ డబ్బుతో మా ఇంటిల్లిపాదీ రాజమండ్రి వెళ్లి, టిఫిన్లు చేసి, ఆటోలో గోదావరి గట్టంతా తిరిగొస్తామండి. నాకొద్దు, మీరు తాగండి" అన్నారు. తరువాత నా కాఫీలో సగం తాగారు.

అక్కడి నుంచి రెండు రైళ్లు మారాలి. రెండో రైల్లో మా ఎదుట ఒక పెద్దావిడ దూడంత కుక్కతో కూర్చుంది. టికెట్ కలెక్టరు వచ్చాడు. ఆవిడ రెండు టికెట్లు తీసి చూపించింది. ఒకటి తనది, ఒకటి కుక్కది. కలెక్టరు రెండింటినీ సమానమైన శ్రద్ధతో పరిశీలించి, కుక్క వైపు చూసి తలూపాడు.

"కుక్కకి టికెట్టేంటండీ?" అన్నారు ప్రకాశరావు గారు, ఆశ్చర్యంతో గొంతు తగ్గించి. "మన కొవ్వూరు ప్యాసింజర్లో మనుషులకే ఉండదు కదండీ."

తమ గురించే మాట్లాడుకుంటున్నామని ఆవిడకు అర్థమైనట్టుంది. ఎక్కడికని అడిగింది. ఓల్కెర్‌జీల్ అన్నాను. ఆవిడ మమ్మల్ని ఆపాదమస్తకం చూసి, "ఎందుకు?" అంది. ఆ ఊరికి కావాలని వెళ్లే మనుషులను ఆవిడ అదివరకు చూసినట్టు లేదు.

సముద్రం కంటే పల్లంలో

స్టేషన్ నుంచి మమ్మల్ని తీసుకెళ్లడానికి పాస్టర్ యాన్ కారు తెచ్చాడు. ముప్ఫయ్యైదేళ్ల కుర్ర పాస్టరు. ఇంగ్లిషు చక్కగా మాట్లాడతాడు. ఆ ఊళ్లో మాకు నోరూ చెవులూ ఆయనే అయ్యాడు.

దారంతా బల్లపరుపు నేల. కొండ కాదు కదా, దిబ్బ కూడా లేదు. ఎటు చూసినా పచ్చిక, పచ్చికలో ఆవులు, ఆవుల మధ్య గీతలు గీసినట్టు కాలువలు. ప్రకాశరావు గారి ముఖం విప్పారింది. "మన కోనసీమలోంచి కొబ్బరిచెట్లు పీకేసినట్టుందండి" అన్నారు. అంతకంటే మంచి వర్ణన ఆ ఊరి గురించి నేను తరువాత కూడా రాయలేకపోయాను.

ఊరికి ముందు ఏటిగట్టు లాంటి గట్టు అడ్డం వచ్చింది. మన ఏటిగట్టు మీద బస్సులు తిరుగుతాయి, ఆ గట్టు మీద గొర్రెలు తిరుగుతున్నాయి. గొర్రెలు గడ్డిని మేసి, మట్టిని కాళ్లతో తొక్కి గట్టిపరుస్తాయట. అంటే గట్టు మరమ్మతు శాఖలో అవి పర్మనెంటు ఉద్యోగులు. గట్టు ఎక్కి నిలబడ్డాం. పోటు వేళ. ఒక పక్క సముద్రం నిండుగా ఉంది. రెండో పక్క ఊరు ఉంది. నేను ఇటూ అటూ రెండుసార్లు చూసుకున్నాను. అనుమానం లేదు, ఊరే పల్లంలో ఉంది.

"రోజుకు రెండుసార్లు సముద్రం మాకంటే ఎత్తుకు వస్తుంది" అన్నాడు యాన్, మనం 'పాలవాడు రోజుకు రెండుసార్లు వస్తాడు' అన్నంత మామూలుగా.

జీల్ అంటే వాళ్ల మాటలో తూము. గట్టు కింద ఒక తూము, దాని పక్కన ఒక పంపుహౌసు, దాని చుట్టూ ఊరు. పాత ఇళ్లన్నీ మనుషులు తట్టలతో మట్టి మోసి పోసిన దిబ్బల మీద ఉన్నాయి. గట్టు కట్టకముందు సముద్రం పొంగినప్పుడు మనుషులూ ఆవులూ ఆ దిబ్బల మీదే కూర్చునేవాళ్లట. మన లంకల్లో వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఊరి జనాభా ఎంతని అడిగాను. ఆవులను కలుపుకుని చెప్పాలా, కలపకుండా చెప్పాలా అని అడిగాడు యాన్.

పార దిగేసి పోవడం

మా బస వీబ్కె గారింట్లో. యాభై దాటిన మనిషి, కొద్దిగా ఇంగ్లిషు వచ్చు. భర్త లేరు, కొడుకు పట్నంలో వంటవాడు. అరవై ఆవులను ఒక్కతే చూసుకుంటుంది. ఇల్లూ పశువుల కొట్టమూ ఒకే కప్పు కింద ఉన్నాయి. వంటింటి తలుపు తీస్తే ఆవులు తలెత్తి చూస్తాయి.

నేను ఆత్రేయపురం పూతరేకులు తీసుకెళ్లాను. ఆవిడ మర్యాదగా ఒకటి చేతిలోకి తీసుకుని, పై పొర ఒలిచి పక్కన పెట్టింది. రెండో పొర ఒలిచింది. మూడోది ఒలిచింది. కాగితాల మధ్య స్వీటు ఎక్కడుందా అని వెతుకుతోందని నాకు ఆలస్యంగా అర్థమైంది. ఆ కాగితమే స్వీటండీ అని చెప్పాక, ఒలిచి పెట్టినవన్నీ ఏరుకుని నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుంది. తరువాత డబ్బా అల్మరాలో పెట్టి తాళం వేసింది.

చర్చి వెనక గదిలో గోడకు ఒక పాత పార వేలాడుతోంది. ఆ ఊరి చరిత్ర అంతా ఆ పారలో ఉంది. పూర్వం గట్టులో ఒక్కో రైతుకు ఒక్కో ముక్క వంతు ఉండేది. తన ముక్కను తానే నిలబెట్టుకోవాలి. ఒకడి ముక్క తెగితే ఊరంతా మునుగుతుంది కాబట్టి అందులో దయాదాక్షిణ్యాలు లేవు. చేతగానివాడు తన వంతు గట్టులో పార దిగేసి, చేతికందిన సామాను పట్టుకుని ఊరు వదిలిపోవాలి. ఆ పారను ఎవరు పైకి లాగితే భూమి వాడిది, గట్టు బరువూ వాడిదే.

"మా ముత్తాత లాగిన పార ఇది" అంది వీబ్కె.

"దిగేసినాయన ఎవరండీ?" అని అడిగారు ప్రకాశరావు గారు.

"హిన్నెర్క్ వాళ్ల ముత్తాత" అంది ఆవిడ. పార మీది దుమ్ము తుడుస్తూ, "హిన్నెర్క్ పక్క పొలం రైతు. ఈ శనివారం నా మీద పోటీ చేస్తున్నాడు" అంది.

పోటీ దేనికంటే, కాలువ పెద్ద పదవికి. మన నీటి సంఘం అధ్యక్షుడి లాంటిదే, కాకపోతే జెండాలూ జీపులూ ఉండవు. ప్రతి నవంబరులో చలికాలం వానలు ముదరకముందు, రైతులందరూ కలిసి ఊరి కాలువలన్నీ నడిచి చూస్తారు. ఎవరి పొలం కాలువ వాళ్లు బాగుచేసుకుని ఉండాలి. పొడుగాటి కర్రతో అడుగు తడిమి, రెల్లు దుబ్బు కనిపించినా, గట్టు జారినా కాలువ పెద్ద తన నోటు పుస్తకంలో ఆ రైతు పేరు పక్కన 'లోపం' అని రాస్తాడు. ఆ తరువాత అందరూ కలిసి భోంచేస్తారు. ఈసారి భోజనం అయ్యాక ఓటింగు. ఇరవై ఏళ్లుగా కాలువ పెద్దగా ఉన్న బోయె గారు మోకాళ్ల నొప్పులతో దిగిపోతున్నారు.

నిజానికి ఆయన మోకాళ్లు పోయినప్పటి నుంచి పనంతా వీబ్కె చేస్తోంది. పంపుహౌసు మీటరు చూసేదీ, తుపాను వస్తే తూము తలుపు దింపేదీ ఆవిడే. కానీ ఆ ఊళ్లో ఆడమనిషి కాలువ పెద్ద కావడం ఇంతవరకూ లేదు.

"నన్ను వద్దని ఎవరూ అనరు" అంది వీబ్కె. "నా కాలువలో ఒక్క రెల్లు పుల్ల దొరికితే చాలని చూస్తున్నారు. దొరకదు. వారం రోజులు దిగి బాగుచేశాను."

చెంచా

మరునాడు ఊళ్లో నాలుగిళ్లలో టీకి పిలిచారు. అక్కడ టీ పద్ధతి వేరు. కప్పులో పటికబెల్లం ముక్క వేసి, దాని మీద నల్ల టీ పోసి, పైన మీగడ చుక్క వేస్తారు. కలపకూడదు. తాగడం పూర్తయ్యాక కప్పులో చెంచా పెడితే చాలు అన్నట్టు. పెట్టకపోతే పోస్తూనే ఉంటారు. ఈ సంగతి మాకు మొదటి ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

మన వైపు పెద్దమనిషి పోస్తుంటే వద్దనడం మర్యాద కాదు. ప్రకాశరావు గారు వద్దనలేదు. వాళ్ల వైపు అతిథి చెంచా పెట్టకపోతే పోయకపోవడం మర్యాద కాదు. వాళ్లూ ఆపలేదు. రెండు మర్యాదల మధ్య ఆయన ఎనిమిది కప్పులు తాగారు. ఎనిమిదో కప్పు దగ్గర నా వైపు చూసి, "ఏవండీ, కెటిల్ ఖాళీ అయ్యేదాకా వదలరేమోనండి" అన్నారు. అలసటతో చేతిలోని చెంచా కప్పులో జారవిడిచారు. ఇల్లంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది. పోసే ఇల్లాలి చెయ్యి కూడా నొప్పెడుతున్నట్టుంది.

ఆ టీలకు నాకు కునుకు పట్టింది. నాలుగున్నరకే చీకటి పడే ఊరది. చీకటి పడుతుండగా ప్రకాశరావు గారు బయట నుంచి వచ్చారు. బూట్ల నిండా బురద. ముఖంలో మాత్రం గొప్ప తృప్తి.

"ఎక్కడికెళ్లారండీ?"

"ఊరికేనండి. కాలువ వైపు నడిచొచ్చాను."

ఆ పూట ఆయన మూడు రొట్టెలు ఎక్కువ తిన్నారు. రాత్రంతా వాన కురిసింది.

కాలువ చూపు

శనివారం ఉదయం వాన వెలిసింది. పంపుహౌసు ముందు పదిహేడు మంది రైతులు, రబ్బరు బూట్లలో, చేతుల్లో మనిషి కంటే పొడుగు కర్రలతో పోగయ్యారు. ఒకరికొకరు "మొయిన్" అనుకున్నారు. ఉదయమైనా సాయంత్రమైనా వాళ్లది ఒకటే పలకరింపు. వీబ్కె పాలు పితికి, అక్కడి నుంచే నేరుగా వచ్చింది. హిన్నెర్క్‌ను మాకు అప్పుడే చూపించారు. అరవై ఏళ్ల మనిషి, తాటిచెట్టంత పొడుగు. నవ్వడం ఖర్చు అనుకునే ముఖం.

ఎనిమిదిన్నర అనుకున్నారు, ఎనిమిదిన్నరకే బయలుదేరారు. ఊరి సమావేశం చెప్పిన వేళకు మొదలు కావడం చూసి నాకు కాసేపు బెంగగా అనిపించింది.

మొదటి రెండు కాలువలూ బాగున్నాయి. మూడోది హిన్నెర్క్‌ది. దాంట్లో నీళ్లే లేవు. అడుగు మొత్తం అద్దంలా కనిపిస్తోంది. ఒక్క దుబ్బు లేదు. ఇంత వానకు కాలువ ఎలా ఎండిందని హిన్నెర్కే తల గోక్కున్నాడు. బోయె గారు పుస్తకంలో బాగుందని రాశారు.

నాలుగోది వీబ్కెది. హిన్నెర్క్ పొలానికి ఎగువన, సరిహద్దులో చిన్న తూము దగ్గర మొదలవుతుంది. అక్కడికి వెళ్లి అందరూ ఆగిపోయారు. కాలువ ఒడ్డుల దాకా నిండిపోయి ఉంది. నీళ్లు పచ్చికలోకి ఎగదన్నాయి. రెండు ఆవులు చీలమండల లోతు నీళ్లలో నిలబడి మా వైపు చూస్తున్నాయి. తూము గాడిలో మూడు చెక్క పలకలు, ఒకదాని మీద ఒకటి, సందు లేకుండా బిగించి ఉన్నాయి.

వేసవిలో ఆవులకు తాగునీరు నిలపడానికి ఆ పలకలు వేస్తారట. చలికాలం ముందు తీసేస్తారు. వీబ్కె వారం కిందట తీసి ఒడ్డున పెట్టింది. ఎవరో వాటిని మళ్లీ వేశారు. సరిగ్గా కాలువ చూపుకి ముందు రోజు. సరిగ్గా పోటీలో ఉన్న మనిషి కాలువకు.

పదిహేను తలలు మెల్లగా హిన్నెర్క్ వైపు తిరిగాయి.

"నేను కాదు" అన్నాడు హిన్నెర్క్.

"నీ కాలువ బాగా ఎండింది" అన్నాడు ఒకాయన.

"నేను కాదన్నానా!"

అప్పుడు నా మోచెయ్యి ఎవరో నొక్కారు. ప్రకాశరావు గారు.

"ఏవండీ... అవి నేనేసినవేనండి."

"ఏంటండీ?"

"పలకలు."

నేను ఆయన్ను పది అడుగులు పక్కకు లాక్కెళ్లాను. "ఎందుకేశారండీ బాబూ?"

"నీళ్లు తేటగా ఉన్నాయండి. అంత తేట నీళ్లు మురుగు కాలువలో ఉంటాయని ఎవరనుకుంటారండి? పంట కాలువే అనుకున్నాను. చూస్తే నీళ్లన్నీ బిరబిరా పోయి సముద్రంలో పడుతున్నాయి. పక్కనే పలకలు పడున్నాయి. తూము చూసే లస్కరు వేయడం మర్చిపోయి ఇంటికి పోయాడనుకున్నానండి. ముప్ఫైరెండేళ్ల అలవాటు. చేతులు ఊరుకోలేదు."

"ఇక్కడ పంట కాలువే లేదు మహానుభావా. ఉన్నవన్నీ మురుగు కాలువలే. ఊరంతా కలిసి నీళ్లను బయటకు తోయడానికే బతుకుతున్నారు."

"అది మీరు నిన్న చెప్పొచ్చు కదండీ!"

కాలువ ఒడ్డులు నీళ్లలో మునిగి ఉన్నాయి కాబట్టి చూడడం కుదరదని బోయె గారు వీబ్కె పేరు పక్కన ఖాళీ వదిలారు. వీబ్కె మోకాళ్ల దాకా దిగి, పలకలు ఒక్కొక్కటే పీకి ఒడ్డుకు విసిరింది. వారం రోజుల పని ఆ నీళ్ల కింద ఉంది.

క్యాబేజీ కూర

భోజనం చర్చి హాల్లో. నల్లగా ఉడికిన ఒక రకం ఆకు క్యాబేజీ, దాని మీద సాసేజీలు, పక్కన బంగాళాదుంపలు. మన గోంగూరకు దూరపు చుట్టంలా ఉంది, పులుపు తప్ప. నాకు నచ్చింది. ప్రకాశరావు గారు ముట్టుకోలేదు.

హాల్లో పొడుగాటి బల్లలు మూడు. రెండు బల్లల దగ్గర జనం ఇరుక్కుని కూర్చున్నారు. మూడో బల్ల దగ్గర హిన్నెర్క్ ఒక్కడే కూర్చుని తింటున్నాడు. ఇంతకుముందు తనకు ఓటేస్తామన్నవాళ్లు కూడా వీబ్కె పక్కన చేరి ఆవిడ భుజం తడుతున్నారు.

నేను లెక్క వేశాను. పాత అలవాటు, చాలా ఎన్నికలు చూసినవాణ్ణి. "మీరేం మాట్లాడకండి" అన్నాను ఆయన చెవిలో. "సానుభూతి అంతా ఆవిడ వైపు తిరిగింది. మీరు నోరు విప్పితే, పలకలు వేసింది ఆవిడ ఇంట్లో దిగిన చుట్టమని తేలుతుంది. ఆవిడ గెలుపు పోతుంది. ఆవిడ గెలిచాక మెల్లగా చెబుదాం."

"మరి ఆయనో?"

"ఎవరు?"

"ఆయనేనండి, ఒంటరిగా తింటున్నాడే. ముత్తాత పార దిగేశాడని ఇప్పటికీ చెప్పుకునే ఊరండి ఇది. ఈ పలకల సంగతి ఆయన మునిమనవళ్ల దాకా చెప్పుకుంటారు."

ఆయన లేచారు. కండువా సర్దుకున్నారు. యాన్‌ను పక్కకు పిలిచి, తనకొచ్చిన ఇంగ్లిషులో, "నేను చెప్పేది చెప్పినట్టు చెప్పండి, కలపొద్దు, తీయొద్దు" అన్నారు. కృతజ్ఞతా ప్రసంగం అనుకుని కొందరు ఫోర్కులు కింద పెట్టారు.

"అయ్యా, ఆ పలకలు వేసింది నేనండి. హిన్నెర్క్ గారు కాదు. వీబ్కె గారికి తెలియదు. మా దేశంలో నీళ్లు చివరి పొలానికి చేరక రైతులు ఏడుస్తారు. నా ఉద్యోగం అంతా వాళ్లకు నీళ్లు ఆపి అందించడమేనండి. మీ నీళ్లు సముద్రంలోకి పోతుంటే చూడలేక ఆపాను. మీరు పోగొట్టుకోవాలనే పంపుతున్నారని నాకు తెలియదు. తప్పు నాది."

యాన్ వాళ్ల పల్లె జర్మన్‌లో ఒక్కో వాక్యమే చెబుతూ పోయాడు. చివరి వాక్యం కూడా అయింది. వీబ్కె ప్రకాశరావు గారిని చూస్తోంది. ఆవిడ ముఖంలో ఏముందో నాకు అంతుపట్టలేదు. అప్పుడు మూడో బల్ల దగ్గర నుంచి, బండి స్టార్టవుతున్నట్టు ఒక చప్పుడు వచ్చింది. హిన్నెర్క్ నవ్వుతున్నాడు. ఆయన నవ్వగా చూడడం తనకిదే మొదటిసారని యాన్ తరువాత చెప్పాడు.

హిన్నెర్క్ తన పళ్లెం పట్టుకొచ్చి ప్రకాశరావు గారి ఎదురుగా కూర్చున్నాడు. ఏదో అడిగాడు.

"నీళ్లు నిలపడానికి పలకలు ఎన్ని గంటలకు వేశారని" అన్నాడు యాన్.

"నాలుగు దాటిందండి."

హిన్నెర్క్ లేచి అందరి వైపు తిరిగి మాట్లాడాడు. యాన్ మాకు చెప్పింది ఇదీ: "నాలుగుకు వేసిన పలకకు తెల్లారేసరికి నీళ్లు పైనున్న ఆఖరి ఆవుల దాకా సమంగా ఎగదన్నాయి. మధ్యలో రెల్లు ఉంటే అక్కడే ఆగేవి. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటే ఒక పక్కే పొర్లేవి. నా కాలువలో రెల్లు లేకపోయినా అడుగు ఇంత సమం కాదు, అక్కడ వేసి ఉంటే సగం దాకా కూడా వెళ్లేవి కావు."

"మరేనండి!" అన్నారు ప్రకాశరావు గారు, తర్జుమా పూర్తయ్యీ కాకముందే. ఫోర్కుతో కూరలో గీత గీసి, నీళ్లు ఎలా ఎక్కుతాయో చూపించారు. హిన్నెర్క్ తన పళ్లెంలో ఇంకో గీత గీశాడు. భాష తెలియని ఇద్దరు మనుషులు రెండు పళ్లేల కూర మీద పది నిమిషాలు కాలువలు తవ్వుకున్నారు.

ఓటింగు చేతులెత్తి జరిగింది. వీబ్కెకు తొమ్మిది, హిన్నెర్క్‌కు ఎనిమిది. ఆ తొమ్మిదింటిలో అన్నిటికంటే ఎత్తుగా లేచిన చెయ్యి హిన్నెర్క్‌ది.

బోయె గారు నోటు పుస్తకం, కలం ఆవిడ చేతికిచ్చారు. చప్పట్లు కొట్టారు. వీబ్కె కూర్చుని పుస్తకం తెరిచి, తన పేరు పక్కనున్న ఖాళీలో ఒక మాట రాసింది. తొంగి చూసిన యాన్ కళ్లు పెద్దవయ్యాయి. 'లోపం' అని రాసింది.

"పలకలు నువ్వు వేయలేదు కదా!" అన్నారు బోయె గారు.

"తీసిన పలకలు కొట్టంలో పెట్టాలి. ఒడ్డున వదిలింది నేను" అంది వీబ్కె. "కాలువ నాది." తన పళ్లెం దగ్గరికి లాక్కుని, ఆ పూట మొదటిసారి ఆకలిగా తినడం మొదలుపెట్టింది.

రెండో చూపు

లోపం రాసిన కాలువను వారంలోగా బాగుచేసి మళ్లీ చూపించాలి. ఎవరి కాలువ వాళ్లే చూసుకోకూడదు కాబట్టి, ఓడిపోయిన హిన్నెర్క్ వచ్చి చూడాలని తీర్మానించారు.

పని తాను చేస్తానని ప్రకాశరావు గారు పట్టుబట్టారు. వీబ్కె వద్దంది. ఈయన వినలేదు. ఆవిడ తన తండ్రి గారి రబ్బరు బూట్లు ఇచ్చింది. అవి ఈయన కాళ్లకు పడవల్లా ఉన్నాయి. లోపల పాత పత్రికలు కుక్కాం. నా వృత్తి ఇంత సూటిగా రైతుకు ఉపయోగపడడం నేనెప్పుడూ చూడలేదు.

రెండు రోజులు ఆయన ఆ కాలువలో ఉన్నారు. వాళ్ల పార మన పార లాంటిది కాదు. నిటారుగా, నాలుకలా పొడుగ్గా ఉంటుంది. "దీంతో మట్టి తీయడమంటే చెంచాతో బావి తవ్వడమేనండి" అని మొదటిరోజు పొద్దున విసుక్కున్నారు. సాయంత్రానికి అదే మేలంటున్నారు. నానిన ఒడ్డు జారిన చోటల్లా మట్టి ఎత్తి దిమ్మిస కొట్టారు, నిలిచిన నీళ్లు వదిలిన మెత్తటి ఒండ్రు తోడారు. నేను ఒడ్డు మీద గొడుగు పట్టుకుని సలహాలిచ్చాను. వీబ్కె గంటకోసారి టీ తెచ్చింది. ఆయన ప్రతిసారీ రెండో కప్పుకే చెంచా పెట్టేశారు.

మూడో రోజు హిన్నెర్క్ కర్ర పట్టుకుని వచ్చాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాడు. ప్రతి పది అడుగులకూ కర్ర దింపి తడిమాడు. రెండుసార్లు మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. ప్రకాశరావు గారు ఆయన వెనకాల, పరీక్ష రాసిన పిల్లాడిలా నడిచారు. చివరికి హిన్నెర్క్ వీబ్కె దగ్గర పుస్తకం తీసుకుని, 'లోపం' మీద గీత గీసి, కింద ఒక చోట వేలు పెట్టి చూపించాడు. బాగుచేసినవాళ్లు అక్కడ సంతకం చెయ్యాలని చెప్పింది వీబ్కె.

ప్రకాశరావు గారు చెయ్యి లాగుకు తుడుచుకుని, తెలుగులో సంతకం చేసి, తేదీ వేసి, కింద రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టరు అని కూడా రాశారు. రాశాక కలం వెనక్కి ఇవ్వకుండా దాని వైపే కాసేపు చూశారు.

"పూడిక తీశారని సర్వీసులో ఎన్ని సంతకాలు పెట్టానో లెక్కే లేదండి" అన్నారు నాతో. "నా చేత్తో తీసి పెట్టింది మాత్రం ఇదొక్కటేనండి."